కమ్యూనిటీ అంటే కులమా, ఊరా, అపార్ట్‌మెంటా?

సోషియాలజీలో కమ్యూనిటీ అంటే ఏమిటి, ఒకచోట కలిసి ఉంటే సరిపోతుందా అని ఒకరు అడిగారు. నేను ఎంఏ సోషియాలజీ చదివాను. అయితే ఈ మాట నాకు క్లాసులో కంటే మా అమ్మమ్మ వెంట తిరిగినప్పుడే బాగా అర్థమైంది.

ముందు ఒక చిక్కు తీసేద్దాం. మనకు కమ్యూనిటీ సర్టిఫికెట్ అంటే కుల ధ్రువీకరణ పత్రం. గేటెడ్ కమ్యూనిటీ అంటే ప్రహరీ గోడ, గేటు దగ్గర సెక్యూరిటీ. సోషియాలజీలో అర్థం ఈ రెండూ కాదు. తెలుగు సోషియాలజీ పుస్తకాల్లో కమ్యూనిటీని సముదాయం అంటారు. సామాజిక శాస్త్రవేత్త ఆర్. ఎం. మెకైవర్ లెక్కలో దానికి రెండు ఆధారాలు: ఒక ప్రాంతం, అక్కడి వాళ్లకు ‘మనం’ అనే భావన. మనిషి తన బతుకంతా అందులోనే గడిపేయగలగాలి. బ్యాంకులోనో యూనియన్‌లోనో బతుకంతా గడపలేం కదా, అందుకే అవి సంఘాలు (అసోసియేషన్లు) అవుతాయి గానీ సముదాయాలు కావు. అందరూ ఒప్పుకున్న నిర్వచనం మాత్రం లేదు. 1955లో జార్జ్ హిల్లరీ అనే సోషియాలజిస్టు 94 నిర్వచనాలు పోల్చి చూశాడు. సముదాయంలో మనుషులు ఉంటారన్న సంగతి తప్ప ఇంకే విషయంలోనూ అన్నీ పూర్తిగా కలవలేదు. ఎక్కువ మంది చెప్పినవి మూడు: ప్రాంతం, ఉమ్మడి బంధాలు, ఒకరితో ఒకరికి రాకపోకలు.

మరి ప్రాంతమే పోతే? మా అమ్మమ్మ వాళ్ల ఊరు కర్నూలు జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు కింద వందకు పైగా ఊళ్లు మునిగాయి. అందులో అదొకటి. 1981లో ఖాళీ చేశారు. కొందరు నందికొట్కూరు, కొందరు ఆత్మకూరు, కొందరు కర్నూలు చేరారు. ఎండాకాలం నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. ఆ రోజుల్లో పాత ఊళ్లవాళ్లు గుడికి వచ్చి, తమ ఊరి జాగా కూడా చూసుకుని పోతారు. ఎంఏలో ఉండగా ఒకసారి అమ్మమ్మను తీసుకెళ్లాను.

బీటలు వారిన ఒండ్రులో ఆమె చెప్పులు చేతపట్టుకుని నడిచింది. ఒక రాళ్ల వరస దగ్గర ఆగి, “ఇది మన అరుగు” అంది. నాకు అక్కడ రాళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. ఇంతలో ఒక ముసలామె వచ్చి “ఏం మే, బాగుండావా?” అని అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కలుసుకుని ఇరవై ఏళ్లు దాటింది. కాసేపు ఏడ్చారు. తర్వాత అమ్మమ్మ అడిగిన మొదటి మాట, “నీకు రెండు శేర్ల జొన్నలు బాకీ ఉండాను, గ్యాపకముందా?” ఆమెకు జ్ఞాపకముంది. వద్దులే అనలేదు, కొంగుతో మొహం తుడుచుకుని “ఇస్తువులే, ఇంటికి రా” అంది.

ఊరు నీళ్లలో ఉన్నా వాళ్లిద్దరి మధ్య సముదాయం బతికే ఉంది. కానీ నాకు ఆ ముసలామె ఎవరో తెలియదు. ఆమె మనవళ్లకు నేనెవరో తెలియదు. మా అమ్మకు ఆ ఊరు కొంత గుర్తుంది, నాకు ఏమీ లేదు. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, ‘మనం’ అనే భావన ఒకసారి పుట్టాక ప్రాంతం లేకపోయినా ఆ తరంతో పాటు ఉంటుంది. తర్వాతి తరంలో పుట్టాలంటే మాత్రం ఒక చోటు కావాలి. రోజూ ఎదురుపడే వీధి కావాలి, అప్పు అడిగే గడప కావాలి. పునరావాసం అంటే ఇంటికి ఇంత డబ్బు, ఇన్ని గజాలు అని లెక్క కట్టేటప్పుడు ఈ నష్టం ఏ కాలమ్‌లోనూ రాయరు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే.

అలాగని పాత ఊరిని స్వర్గం చేయను. అదే రోజు ఒక పెద్దాయన దూరంగా నిలబడి ఉంటే వెళ్లి పలకరించాను. వాళ్ల ఇళ్లు దళితవాడలో, ఊరికి అవతల ఉండేవట. వాళ్ల బావి వేరు. గోడ ఒక్కటీ లేని ఆ బురదలో కూడా ఆయన మా అమ్మమ్మ వాళ్ల అరుగు వైపు రాలేదు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ పల్లెను సంకుచితత్వానికి నెలవని గట్టిగా విమర్శించాడు. హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటను అధ్యయనం చేసిన మానవ శాస్త్రవేత్త ఎస్. సి. దూబే కూడా ఒకే ఊళ్లో కులాల వారీ ఎచ్చుతగ్గులను వివరంగా చూపించాడు. కాబట్టి ‘మనం’ అన్నప్పుడల్లా అందులో ఎవరిని కలుపుకున్నారో, ఎవరిని బయట ఉంచారో చూడాలి. కమ్యూనిటీ గురించి రాసేటప్పుడు ఈ సంగతి తప్పకుండా రాయండి.

ఇక అపార్ట్‌మెంట్ సంగతి. ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఉంటున్నాను. మెయింటెనెన్స్, లిఫ్టు, నీళ్ల ట్యాంకర్లు, వీటి కోసం అసోసియేషన్ ఉంది. మెకైవర్ భాషలో అది పేరుకు తగ్గట్టే సంఘం. 2020 లాక్‌డౌన్‌లో మా ఇంట్లో గ్యాస్ అయిపోతే ఎదురింటావిడ తన రెండో సిలిండర్ ఇచ్చింది. అప్పటిదాకా ఆమె పేరు కూడా నాకు తెలియదు. ఇప్పుడు మా ఫ్లోర్‌లో నాలుగిళ్ల పిల్లలు బెల్ కొట్టకుండానే ఎవరి వంటింట్లోకైనా వెళ్లిపోతారు. మిగతా టవర్లవాళ్లు నాకు ఇంకా ఫ్లాట్ నంబర్లే.