కడపలో హోటలు పెడుతున్న నాయనకు, మట్టిపాత్రల సంగతి

చిరంజీవి నాయనకు పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది. అనంతపురంలో అందరం క్షేమం. మీ పెదనాయన మోకాళ్ల నొప్పులు మామూలే.

కడపలో హోటలు పెడుతున్నామని నువ్వు చెప్పినప్పుడు సంతోషమేసింది. నీళ్ల గ్లాసు నుంచి కూర గిన్నె దాకా అంతా మట్టిదే ఉండాలన్నావు చూడు, అక్కడే నాకు కొంచెం టెన్షన్ పట్టుకుంది. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావు, పెట్టేసినాక మర్చిపోతావు. ఇన్నేళ్లు మెస్సు నడిపిన దాన్ని, నాకు తెలిసింది రాసి పంపుతున్నా. కోడలికి కూడా చదివి వినిపించు. లెక్కలు చూసేది ఆ పిల్లే కదా.

మట్టిని అలంకారానికి పెట్టొద్దు. ఏ వంటకు మట్టి పని చేస్తుందో దానికే పెట్టు. మెనూలో ఒక్కొక్కటే తీసుకుని, దీన్ని స్టీలు గిన్నెలో ఇస్తే ఏం తగ్గుతుంది అని చూసుకో. ఏమీ తగ్గదనిపిస్తే స్టీలే వాడు. కారం దోశకు మట్టిపళ్లెం ఎందుకు చెప్పు? నూనె, ఎర్రకారం పళ్లెంలోకి ఇంకుతాయి, ఎంత తోమినా మరక వదలదు. బొరుగుల ఉగ్గానికీ అంతే. సంగటి కూడా హోటల్లో మట్టికుండలో చెయ్యొద్దు. ఇంట్లో నలుగురికి కెలకడం వేరు, యాభై అరవై ముద్దలకు తెడ్డు వేసి బలంగా కెలకడం వేరు. ఆ దెబ్బకు కుండ అడుగు నిలవదు. సంగటి గిన్నెలో చేసి, పక్కన పులుసు మట్టిసట్టిలో ఇవ్వు.

పులుసుకు మాత్రం సట్టిని మించింది లేదు. చింతపండు పులుపు అల్యూమినియాన్ని తింటుంది, కళాయి పోయిన ఇత్తడిని తింటుంది, మట్టిని ఏమీ చెయ్యదు. సట్టి గోడ మందం కాబట్టి వేడి నిదానంగా ఎక్కుతుంది, నిదానంగానే దిగుతుంది. నాటుకోడి పులుసు పొయ్యి మీద నుంచి దించాక కూడా కాసేపు కుతకుతమంటూనే ఉంటుంది. ఆ కాసేపట్లో అడుగంటకుండా నువ్వే చూసుకోవాలి. అందుకే కొంచెం ముందే దించు, పూర్తిగా ఉడికాక దించుదామనుకుంటే ముక్క పీచు అవుతుంది. చేపల పులుసైతే రాత్రి చేసిపెట్టి పొద్దున తిన్నవాళ్లకే దాని రుచి తెలుస్తుంది.

పెద్ద సట్టిలో వండి చిన్న సట్లలో వడ్డించు. చిన్నవాటిలో ముందు వేడినీళ్లు పోసి, పారబోసి, ఆ తర్వాత పులుసు పోయాలి. చల్లటి సట్టిలో పోస్తే సగం వేడి అదే తాగేస్తుంది. ఇంకొకటుంది. చేత్తో చేసినవి ఏ రెండూ ఒక్క కొలత ఉండవు. ఒకదానిలో ఒకటిన్నర గరిటె పడితే పక్కదానిలో రెండు పడుతుంది. పక్క టేబుల్ వాళ్ల సట్టి నిండుగా కనిపించిందంటే మనవాళ్లు ఊరుకుంటారా? కొలత గరిటెకు పెట్టు, సట్టి అంచుకు కాదు. కొనేటప్పుడు కొంచెం పెద్దవే కొను.

పెరుగు రెండోది. మట్టిలో తోడుపెడితే నీటిని గోడలు పీల్చుకుంటాయి, పెరుగు గట్టిగా నిలుస్తుంది. బయటి వైపు చెమ్మ ఆరుతూ ఉంటుంది కాబట్టి చల్లగా ఉండి తొందరగా పులవదు. ఒక్కరికి సరిపడా చిన్న ముంతల్లోనే తోడుపెట్టి, ముంతతోనే ఇచ్చెయ్యి. బెంగాల్లో మిష్టి దోయి అట్లాగే అమ్ముతారు. మన దగ్గర ఎండాకాలం పొద్దున పూట సద్దన్నం, పెరుగు, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ పెట్టి చూడు. ఇడ్లీ కంటే ముందు అదే అయిపోతుంది. సద్దికి, పెరుగుకు కుండలు వేరే ఉండాలి. మాంసం వండిన కుండ వాటి దగ్గరికి రానివ్వొద్దు. ఒకసారి వాసన పట్టిన మట్టి ఆ వాసన వదలదు. పైగా శాకాహారులు అడుగుతారు, నువ్వు ధైర్యంగా జవాబు చెప్పగలగాలి.

నీళ్ల విషయంలో మన సీమ అదృష్టం చేసుకుంది. కుండలో నీళ్లు చల్లబడేది గోడల్లోంచి చెమ్మ బయటికొచ్చి గాలికి ఆరడం వల్ల. కోస్తాలో ఉక్కపోత, గాలిలోనే తేమ ఎక్కువ, అక్కడ కుండ అంత బాగా పని చెయ్యదు. మన పొడిగాలికి 42, 43 డిగ్రీల ఎండలో కూడా చలివేంద్రం కుండలో నీళ్లు గొంతు చల్లబరుస్తాయి. కాబట్టి కుండను గాలి ఆడే చోట, తడి ఇసుక మీద పెట్టు. మూలలో గోడకు ఆనించి పెడితే ఏం లాభం? అయితే మన బోరు నీళ్లలో ఉప్పులెక్కువ. కొన్నాళ్లకు కుండ బయట తెల్లగా పూత కడుతుంది, అది సన్న రంధ్రాలు మూసేస్తుంది, ఇక చల్లబడడం తగ్గిపోతుంది. నిమ్మచెక్కతో రుద్దితే కొంత పోతుంది, కానీ ఏడాదికి ఒకసారి కుండలు మార్చడమే మేలు. కుండలో పోస్తే ఫ్లోరైడ్ పోతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. ముందు నీళ్లు శుద్ధి చేసుకుని, ఆ తర్వాతే కుండలో పొయ్యి. రెండు కుండలు పెట్టుకుని రోజుకొకటి వాడు, రెండోది కడిగి ఎండకు ఆరబెట్టు.

ఇక టీ కప్పులు. నీ మనసంతా వీటి మీదే ఉందని నాకు తెలుసు, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

మట్టి కప్పు ఒక్కసారికే. రెండోసారి వాడకూడదు. మెరుగు పూయని మట్టికి సన్న రంధ్రాలుంటాయి, పాలు, ఎంగిలి వాటిలోకి దిగుతాయి, ఎంత కడిగినా రావు. మట్టిపాత్రకు ఎంగిలి అంటితే పోదని మన పెద్దవాళ్లు అనేది ఊరికే కాదు. ఒకసారికే అన్నప్పుడు లెక్క మారిపోతుంది. ఉదాహరణకు కప్పు 4 రూపాయలు పడిందనుకో. నూరు కొంటే దారిలో, కడిగేటప్పుడు పది పగిలినా మిగతా తొంభైకి ఒక్కోటి దాదాపు నాలుగున్నర పడ్డట్టు. పైన కడిగే మనిషి కూలి. బూడిద, గడ్డి, దుమ్ముతో వస్తాయి అవి, కడగకుండా వాడలేవు. కడిగాక బోర్లించి ఎండబెట్టాలి, దానికి చోటు కావాలి. మీ హోటలు వెనక ఆ చోటు ఉందా? ముందు అది చూసుకో. పది, పదిహేను రూపాయల టీకి ఇది గిట్టదు. కాబట్టి మామూలు టీ గాజు గ్లాసులో, అల్లం టీయో బెల్లం టీయో కొంచెం ధర పెట్టి మట్టి కప్పులో ఇవ్వు. ఏది కావాలో తాగేవాళ్లే చెప్తారు.

కాగితం కప్పు జోలికి మాత్రం పోవద్దు. పైకి కాగితమే, లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందులో వంద మిల్లీలీటర్ల వేడినీళ్లు 15 నిమిషాలు ఉంచితే దాదాపు 25 వేల ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు లెక్కగట్టారు. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులు ఎట్లాగూ నిషేధమే.

అట్లాగని "మా కప్పు మట్టిలో కలిసిపోతుంది" అని బోర్డు రాయించొద్దు. ఒకసారి కుమ్మరి ఆవంలో కాలిన మట్టి మళ్లీ బురద కాదు. వేల ఏళ్ల నాటి చిల్లపెంకులు తవ్వి తీసే కదా పురావస్తు వాళ్లు పాత ఊళ్ల కాలం చెబుతున్నారు! కాల్చడానికి కట్టెలూ కావాలి. కప్పు విషం కాదు, అంతవరకే చెప్పు. వాడిన కప్పులు ఒక గోనెసంచిలో వేయించు. నర్సరీల వాళ్లు కుండీల అడుగున వెయ్యడానికి తీసుకుపోతారు. లేదంటే ఇంటి పునాది నింపేవాళ్లకు ఇవ్వు. హోటలు ముందు మురుగుకాలువలో పడ్డాయంటే మున్సిపాలిటీ వాళ్లతో గొడవ నీకే.

కొలిమిలో కప్పును ఎర్రగా కాల్చి, పట్టకారుతో పట్టుకుని పైనుంచి టీ పోసే తందూరి చాయ్ కూడా పెడతానన్నావు. నాకైతే ఇష్టం లేదు. వేడికి కప్పు పగిలి టీ ఎగజిమ్ముతుంది, చూడ్డానికి చిన్నపిల్లలు దగ్గరికొస్తారు. కుండ బిర్యానీ తెచ్చి టేబుల్ ముందు కుండ పగలగొట్టే తమాషా కూడా వద్దు. అన్నంలో ఒక్క పెంకు ముక్క వచ్చిందంటే నీ పేరు పోయినట్టే. మూత చుట్టూ పిండి ముద్ద అంటించి ఇవ్వు, ఆ పిండి గీరి మూత తీసినప్పుడు వచ్చే ఆవిరి చాలు.

కొనే సంగతికొస్తాను. అన్నిటికంటే ముందు ఒక కుమ్మరిని సంపాదించుకో. 2004లో లాలూ ప్రసాద్ రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు స్టేషన్లలో టీ మట్టి కప్పుల్లోనే అమ్మాలన్నారు. నిలబడలేదు. 2020లో అప్పటి రైల్వే మంత్రి పీయూష్ గోయల్ మళ్లీ అదే మాటన్నారు. ఆజ్ఞ ఇవ్వడం సులువే, రోజూ అన్ని కప్పులు చేసేదెవరు, పగలకుండా చేర్చేదెవరు? నీకైనా అదే చిక్కు. ఆన్‌లైన్లో గుజరాత్ నుంచో ఉత్తరప్రదేశ్ నుంచో తెప్పిస్తే ఒక లోడు బాగుంటుంది, రెండో లోడు ఆలస్యమవుతుంది. దగ్గర్లో చెరువు మన్నుతో చేసే ఊరు వెతుక్కో. ముంతలు, అలంకారం వస్తువులు కావాలంటే పలమనేరు వైపు పోయిరా, అక్కడ మట్టిపనికి పేరుంది. కుమ్మరికి ఆర్డరుతో పాటు అడ్వాన్సు ఇవ్వు. వానాకాలం పచ్చికుండ ఆరదు, ఆవం పెట్టలేరు. పెళ్లిళ్ల రోజుల్లో అరివేణి కుండలు, దీపావళికి ప్రమిదలు, ఎండలు ముదిరితే నీళ్ల కుండలు. ఆ రోజుల్లో నువ్వు అప్పటికప్పుడు ఫోన్ చేసి వెయ్యి కప్పులు కావాలంటే ఆయన ఎక్కడి నుంచి తెస్తాడు? బేరం కూడా మరీ గీసి ఆడొద్దు. రూపాయి తగ్గిస్తే ఆయన కట్టెలు తగ్గిస్తాడు, సగం కాలిన కప్పులు నీకొస్తాయి.

సగం కాలినదాన్ని పట్టడం సులువే. వేలితో కొడితే ఖంగుమనాలి, బద్దమని మోగితే పగులైనా ఉంటుంది, కాలకపోయినా ఉంటుంది. రాత్రి నీళ్లు పోసిపెట్టి పొద్దున చూడు, నీళ్లు ఎర్రబడినా, అడుగున మన్ను దిగినా అవి వద్దు. తడిగుడ్డతో రుద్దితే రంగు గుడ్డకు అంటకూడదు. ఎర్రమట్టి జాజు పూసి కాల్చినది సరే, కాల్చిన తర్వాత మెరవడానికి పెయింటో వార్నిషో కొట్టినవి తిండికి పనికిరావు. గాజులాగా మెరిసే పూత ఉన్న గిన్నెలుంటాయే, వాటి పూతలో సీసం లేదని అమ్మేవాడు కాగితం ఇస్తేనే కొను. సీసం ఉంటే పులుపుకు, వేడికి కరిగి తిండిలోకి దిగుతుంది. మన వంటల్లో పులుపు లేనిదేది?

కొత్త సట్టిని ఒక రోజంతా నీళ్లలో నానబెట్టు. ఆరాక గంజి పోసి సన్నమంట మీద కాచు, రెండు మూడుసార్లు. గంజి రంధ్రాల్లో పట్టి సట్టి గట్టిపడుతుంది, కారడం ఆగుతుంది. తర్వాత లోపల నూనె రాసి ఒక రోజు వదిలెయ్యి. ఇండక్షన్ పొయ్యి మీద మట్టి వేడెక్కదు, దానికి ఇనుము కావాలి. గ్యాసు మీదైతే కింద ఒక పాత ఇనుప పెనం వేసి, మంట చిన్నగా మొదలుపెట్టు. వేడి సట్టిలో చన్నీళ్లు పొయ్యకూడదు. నీ వంటింట్లో కడప బండలే పరిచి ఉంటాయి, తడి బండ మీద పొయ్యి నుంచి దించిన సట్టి పెట్టారంటే టప్పుమని పగులుతుంది. గడ్డి కుదుర్లైనా, కొబ్బరితాడు కుదుర్లైనా పది చేయించి పెట్టుకో, ఒక్కటి కూడా తడవకూడదని పిల్లలకు చెప్పు.

తోమడానికి సబ్బు, లిక్విడు వాడొద్దు, మట్టి పీల్చుకుని మళ్లీ పులుసులో కక్కుతుంది. వేడినీళ్లు, కొబ్బరిపీచు, జిడ్డుకు శనగపిండి లేదా బూడిద చాలు. వడ్డించే సట్లకు కప్పులాగా నోరు తగలదు కాబట్టి మళ్లీ వాడొచ్చు, కానీ రోజూ మరిగే నీళ్లలో వేసి తీసి, ఎండలో పూర్తిగా ఆరనివ్వు. చెమ్మ ఉండగా ఒకదానిలో ఒకటి పెడితే బూజు పడుతుంది. ఆరిన సట్టిని ముక్కు దగ్గర పెట్టుకుని చూడు, నిన్నటి కూర వాసన వస్తే దాని పని అయిపోయింది, పక్కన పెట్టెయ్యి. పగిలినవాటి డబ్బు తోమే పిల్లల జీతంలో కోయొద్దు. కోస్తే బిక్కుబిక్కుమంటూ పట్టుకుంటారు, ఇంకా ఎక్కువ పగులుతాయి, పగిలినవి దాచిపెడతారు. నెలకు ఇన్ని పోతాయని ముందే ఖర్చులో రాసుకోమని కోడలికి చెప్పు.

ఉగాదికి తెరవాలని ఉందన్నావు. అట్లయితే సంక్రాంతి లోపే కుమ్మరి దగ్గరికి పోయిరావాలి, కప్పు ఎంత ఎత్తు, ఎన్ని మిల్లీలీటర్లు అన్నది ఒక నమూనా చేయించి చూసుకుని ఆర్డరివ్వాలి. కప్పు అంచు గరుగ్గా లేకుండా నున్నగా తడిచేత్తో దిద్దమను, పెదవికి తగిలేది అదే. ముందు మెనూ రాసి వాట్సాప్‌లో పంపు. ఏది మట్టిలో, ఏది స్టీలులో అని పక్కన గుర్తు పెట్టు. మీ పెదనాయన కూడా చూస్తానన్నాడు.

ఇట్లు,
మీ పెద్దమ్మ