అక్క మంచాన పడితే బాబుకు స్పాన్సర్‌షిప్ వస్తుందా?

అక్క కొడుకును తన దగ్గర పెట్టుకున్న ఒక పిన్ని అడిగిన ప్రశ్న ఇది. "తల్లి బతికే ఉంది కాబట్టి రాదు" అని మీకు ఎవరైనా చెప్పారంటే, ఈ సాయం అనాథలకే అనుకుని ఉంటారు. అది నిజం కాదు. పిల్లల సంరక్షణకు ఉన్న ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్‌గా ఇచ్చే నెలకు 4,000 రూపాయలు, తల్లి గాయపడి బిడ్డను చూసుకోలేని స్థితిలో ఉన్నా అడగొచ్చు. బావగారు లేరు, అక్క తొడ ఎముక విరిగి లేవలేకపోతోంది అన్నారు కదా, మీ కేసు అదే.

1. ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, ఏ వేళైనా పలుకుతారు. బాబు మీ దగ్గరే ఉన్నాడని చెప్పండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: డాక్టర్ సర్టిఫికెట్. డిశ్చార్జ్ కాగితం ఒక్కటే చాలకపోవచ్చు. "ఇన్ని నెలలు బిడ్డను చూసుకోలేరు, పని చేయలేరు" అని స్పష్టంగా రాయించండి. అక్క ఆసుపత్రిలో ఉండగానే అడగండి, తర్వాత తిరగడం కష్టం.

3. దాంతో పాటు ఆదాయ ధ్రువీకరణ (ఏడాదికి పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు), ఆధార్‌లు, స్టడీ సర్టిఫికెట్ జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇచ్చి రసీదు తీసుకోండి.

బాబును హాస్టల్లో వేయమని ఎవరన్నా తొందరపడకండి. పిన్ని దగ్గర ఉండటమే వాడికి మంచిది. రోజూ ఒకసారి అమ్మతో మాట్లాడించండి, పాపం వాడికీ టెన్షనే.