నల్లపూత ఎందుకు నిలవట్లేదు?

ప్రశ్న: నూనె పెడితే ఊక అంటుకుంటోందని మా రైస్ మిల్లులో స్టీలు పిన్నులకు మాలిబ్డినం డైసల్ఫైడ్ (నూనె లేకుండానే జారుడునిచ్చే నల్లటి పొడిపూత) స్ప్రే కొట్టాం. కొన్నాళ్లు బాగానే తిరిగి, వానలు మొదలవగానే కీచుమంటున్నాయి. ఎందుకు?
– ఓ పాఠకుడు, నర్సంపేట

జవాబు: ఆ పూత పేకముక్కల్లా పొరలు పొరలుగా ఉంటుంది, పొరల మధ్య పట్టు తక్కువ కాబట్టి స్టీలు రాసుకోకుండా అవే జారతాయి, కొంత ఎదుటి ముక్కకూ అంటుకుని అక్కడా పనిచేస్తుంది. కానీ నూనెలా మళ్లీ వచ్చి పరుచుకోదు. ఊకలో సిలికా, అంటే ఇసుకలో ఉండే గట్టి పదార్థం, ఉంటుంది, అది గీరిందా, పోయినట్టే. పైగా తేమ దీనికి అస్సలు పడదు. పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైట్‌ది రివర్సు, దానికి తేమ ఉంటేనే జారుడు! నలుపులో తళతళలాడే గీతలు కనిపిస్తే స్టీలు బయటపడిందని అర్థం. పాత గ్రీజు మీదే కొట్టారేమో కూడా చూడండి, జిడ్డంతా తీసేసి, సన్న ఎమెరీ కాగితంతో కాస్త గరుకు చేసి, కొట్టాక పూర్తిగా ఆరనివ్వండి.