జీడిపప్పు డబ్బాకు సీటు బెల్టు

ప్రశ్న: పలాస నుంచి శ్రీకాకుళానికి జీడిపప్పు తీసుకువెళ్లేటప్పుడు ముందు సీటులో 10 కిలోల డబ్బాలు రెండు పెడితే, బెల్టు పెట్టుకోమని కారు ఆగకుండా మోగుతోంది. డబ్బాకూ మనిషికీ తేడా తెలియని ఈ కారు, నా భార్య మా మూడేళ్ల పాపను ఒడిలో పెట్టుకుని అదే సీటులో కూర్చున్నప్పుడు ప్రమాదం జరిగితే, పాపను గుర్తించి ఎయిర్‌బ్యాగ్‌ను ఆపుతుందా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: ఆపుతుందని నమ్మకండి. మీ కారులో మోగుతున్నది బెల్టు హెచ్చరిక మాత్రమే. 2019 జులై 1 తర్వాత తయారైన కార్లలో డ్రైవరుకూ పక్క సీటుకూ ఇది తప్పనిసరి. సీటు స్పాంజి కింద ఉండే పలుచని సెన్సారుకు బరువు తగిలిందా లేదా అన్నదే తెలుస్తుంది. ఆ బరువు ఎవరిదో, దేనిదో దానికి అక్కర్లేదు.

కూర్చున్నది ఎవరో పోల్చుకునే వ్యవస్థ వేరు. 1990లలో అమెరికాలో చిన్నపాటి ప్రమాదాల్లో కూడా ఎయిర్‌బ్యాగ్ దెబ్బకే పిల్లలు, పొట్టి స్త్రీలు మరణించడంతో, 2000లో అక్కడ నిబంధనలు మార్చి, ఏడాది, మూడేళ్లు, ఆరేళ్ల పిల్లల బొమ్మలతోనూ, దాదాపు 49 కిలోల స్త్రీ బొమ్మతోనూ పరీక్షలు పెట్టారు. అందుకోసం కొన్ని కార్లలో స్పాంజి కింద ద్రవం నింపిన సంచిలోని ఒత్తిడిని కొలుస్తారు, మరికొన్నింటిలో సీటు కాళ్ల దగ్గరే బరువు తూస్తారు. ఇందులో ఒక చిక్కు ఉంది: పిల్లల సీటును బెల్టుతో బిగించి కట్టినప్పుడు ఆ బిగువు సీటును కిందికి నొక్కి, పసిబిడ్డ బరువును పెద్దమనిషి బరువులా చూపిస్తుంది. కాబట్టి బెల్టు బిగువును కూడా విడిగా కొలిచి లెక్కలో సరిచేసే ఏర్పాటు కొన్ని కార్లలో ఉంటుంది.

ఇంత తెలివైన వ్యవస్థ ఉన్నా, ఒడిలోని పాప విషయంలో అది పొరబడుతుంది. తల్లి బరువూ పాప బరువూ కలిసి ఒక్క పెద్ద మనిషిగానే లెక్కకు వస్తాయి. ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటుకన్నా ముందే, సెకనులో వందో వంతుల లెక్కన విచ్చుకుంటుంది, అప్పుడు దానికీ తల్లికీ మధ్య నలిగేది పాపే. మూడేళ్ల పాపకు వెనక సీటులో, తన వయసుకు తగిన పిల్లల సీటే స్థానం. పద్నాలుగేళ్లలోపు పిల్లలను బెల్టుతో గాని, అటువంటి సీటుతో గాని కట్టకుండా తీసుకువెళితే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉంది.

డబ్బాలను డిక్కీలో పెట్టండి. మోత భరించలేక ఖాళీ సీటు బెల్టును బిగించి ఉంచేవారున్నారు. తర్వాత మనిషి ఆ బెల్టు మీదే కూర్చున్నా కారు నోరు మెదపదు. కొన్ని కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్‌ను తాళంచెవితో ఆపే స్విచ్ డాష్‌బోర్డు అంచున, తలుపు తీస్తే కనిపించేచోట ఉంటుంది. మీ కారులో అది ఉంటే, పెద్దవారు కూర్చునే ముందు ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.