రౌటర్ కొంటున్నారా? అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయో అడగండి

ప్రశ్న: మాది రెండంతస్తుల ఇల్లు. 300 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉన్నా పై గదిలో వేగం 20 దాటడం లేదు. ఆరు యాంటెన్నాల రౌటర్ కొంటే సరిపోతుందా? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: యాంటెన్నాల లెక్క చూసి రౌటర్ కొనవచ్చా అని ప్రతి వారం ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. యాంటెన్నాలు ఎన్ని ఉన్నా కాంక్రీటు స్లాబు అడ్డు తొలగదు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు వేగం ఎక్కువే గానీ గోడలు దాటేసరికి నీరసిస్తుంది, 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళుతుంది గానీ ఇరుగుపొరుగు వైఫైలన్నీ అందులోనే కిక్కిరిసి ఉంటాయి. పై అంతస్తుకు లాన్ కేబుల్ లాగించి అక్కడ రెండో వైఫై పరికరం పెట్టించుకోండి. రౌటర్‌లో కేబుల్ గుచ్చే పోర్టులు గిగాబిట్‌వి, అంటే 1000 ఎంబీపీఎస్‌వి అయి ఉండాలి. 100 ఎంబీపీఎస్ పోర్టు ఉన్న రౌటర్ మీ ప్లాన్ వేగంలో మూడో వంతుకు మించి ఇవ్వలేదు. వైఫైలో ఆరో తరమైన వైఫై 6 మీ ఇంటికి చాలు.

ఇంత వివరంగా రాసిన మీ ఉత్తరంలో భద్రత గురించి ఒక్క మాటా లేకపోవడం నన్ను కలవరపెట్టింది. ఈ మధ్య బంధువుల ఇంట్లో టీవీ వెనుక దుమ్ము పట్టిన రౌటర్‌ను తిరగేసి చూశాను. అడుగున స్టిక్కర్ మీద యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ ‘అడ్మిన్’ అనే ఉన్నాయి; అవే కొడితే సెట్టింగుల పేజీ తెరుచుకుంది. సాఫ్ట్‌వేర్ 2018 నాటిది. అప్‌డేట్ కోసం వెతికితే ‘మీది సరికొత్త వెర్షన్’ అని వచ్చింది. తయారీదారు ఆ తర్వాత మరో వెర్షన్ విడుదల చేయలేదు కాబట్టి అది అక్షరాలా నిజమే. కానీ ఆ మాట చదివిన ఇంటివారు నిశ్చింతగా ఉండిపోతారు. మద్దతు ఆపేశామని చెప్పవలసిన చోట ఇలా ధీమా ఇవ్వడం బాధ్యతారాహిత్యం.

ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, రౌటర్లను 2016లో ‘మిరాయ్’ అనే మాల్వేర్ పెద్ద ఎత్తున లొంగదీసుకుంది. అందుకు దానికి సుమారు 60 యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలున్న జాబితా సరిపోయింది. వైఫై పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో పరికరాలను కలిపే డబ్ల్యూపీఎస్ సంగతీ అంతే. ఎనిమిదంకెల పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి, గరిష్ఠంగా 11,000 ప్రయత్నాల్లో అది దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. అయినా ఆ సదుపాయాన్ని ఆన్‌లోనే ఉంచి అమ్మేవారు ఇంకా ఉన్నారు. దానిని, బయటి నుంచి రౌటర్‌ను నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్‌ను మొదటి రోజే ఆపేయండి. వైఫైకి కొత్త తరం భద్రతా పద్ధతి అయిన డబ్ల్యూపీఏ3 ఉన్న రౌటరే కొనండి.

ఒకే పాస్‌వర్డును అన్ని పరికరాలకూ పెట్టి అమ్మడాన్ని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి నిషేధించింది. భద్రతా అప్‌డేట్లు కనీసం ఎంతకాలం ఇస్తారో తయారీదారు ప్రకటించాలని కూడా నిర్దేశించింది. మన దుకాణాల్లో అమ్మే ప్రతి డబ్బా మీదా ఆ గడువు అచ్చయి ఉండాలి. అది వచ్చేదాకా మీరే అడగండి. దుకాణదారు చెప్పలేకపోతే తయారీదారు వెబ్‌సైట్‌లో ఆ మోడల్‌కు చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చిందో చూడండి. రెండేళ్లుగా ఏమీ రాకపోతే, ఎంత తగ్గింపు ఇచ్చినా వద్దు.

కొత్త రౌటర్ బిగించాక, కనెక్షన్ ఇచ్చినవారు పెట్టిన పాత డబ్బాలోని వైఫైని తప్పకుండా ఆపించండి. చాలా ఇళ్లలో దాని పాస్‌వర్డ్ ఇంటి యజమాని ఫోన్ నంబరే.