రాజీ పడిన కేసు రికార్డులోంచి చెరిగిపోతుందా?

ప్రశ్న: 2019లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతుండగా మా ఊళ్లో వినాయక నిమజ్జనం రాత్రి రెండు వీధుల కుర్రాళ్ల మధ్య గొడవ జరిగింది. నాతో కలిపి నలుగురి మీద ఐపీసీ 323 (కొట్టి గాయపరచడం), 341 (దారి అడ్డగించడం), 506 (బెదిరించడం) రెడ్‌విత్ 34 (అందరూ ఒకే ఉద్దేశంతో చేయడం) కింద కేసు పెట్టారు. 2022లో పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడాక లోక్ అదాలత్‌లో రాజీ పడ్డాం. ‘కేసు కొట్టేశారు, ఇక ఏమీ లేదు’ అని మా వకీలు గారు చెప్పారు. ఇప్పుడు కానిస్టేబుల్‌గా ఎంపికయ్యాను. అటెస్టేషన్ ఫారంలో క్రిమినల్ కేసుల వివరాలు అడుగుతున్నారు. కోర్టుల వెబ్‌సైటులో నా పేరుతో వెతికితే ఆ కేసు ఇప్పటికీ కనిపిస్తోంది. 40 వేలు ఇస్తే పోలీసు కంప్యూటర్‌లోంచి నా పేరు తీయిస్తానని ఒకాయన అంటున్నాడు. చట్టబద్ధంగా రికార్డు తీయించుకునే దారి ఉందా? ఫారంలో ‘లేదు’ అని రాయవచ్చా?
– ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే దానికి గడువు ఉంది. ‘లేదు’ అని రాయకండి. మీ మీద ఉన్న కేసు చిన్నది, అదీ ముగిసిపోయింది. దాన్ని దాచిపెడితే మాత్రం ఇప్పుడు కొత్తగా ఒక తప్పు చేసినట్లవుతుంది. దానికి మీ వయసునూ, ఆ రాత్రి ఆవేశాన్నీ సాకుగా చూపించడానికి కూడా వీలుండదు.

ఇక రికార్డు సంగతి. అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో పాత కేసును కోర్టు ఉత్తర్వుతో చెరిపివేయించుకోవడానికో, సీలు వేయించుకోవడానికో విడిగా చట్టాలున్నాయి. అక్కడి బంధువుల మాటలు విని మన దగ్గరా అలాంటిదేదో ఉంటుందని చాలామంది నా దగ్గరికి వస్తుంటారు. పెద్దవాళ్ల కేసుల విషయంలో మన దేశంలో అటువంటి సాధారణ చట్టం లేదు. స్టేషన్‌లో క్రైం నంబరు పడిన ఎఫ్ఐఆర్, కోర్టులో సీసీ (క్యాలెండర్ కేసు) నంబరు పడిన ఫైలు జరిగిన సంగతికి దాఖలాలు. మీరు నిర్దోషిగా బయటపడినా కేసు నడిచిందన్న వాస్తవం అలాగే ఉంటుంది. మీకు కావలసిందల్లా ఆ కేసు ఎలా ముగిసిందో కూడా దాని పక్కనే స్పష్టంగా కనిపించడం. మీ పని అక్కడ మొదలవుతుంది.

‘కేసు కొట్టేశారు’ అన్న మాటను మనం నాలుగైదు అర్థాల్లో వాడతాం. పోలీసులే దర్యాప్తు ముగించి తుది నివేదిక ఇచ్చినా కొట్టేశారంటాం. అభియోగాలు మోపకముందే కోర్టు డిశ్చార్జి చేసినా, విచారణ తర్వాత నిర్దోషిగా తేల్చినా, హైకోర్టు ఎఫ్ఐఆర్‌ను రద్దు చేసినా అదే మాట. చివరికి నేరం ఒప్పుకుని జరిమానా కట్టి ఇంటికి వచ్చినవాడు కూడా కొట్టేశారనే చెబుతాడు. అటెస్టేషన్ ఫారానికి వీటి మధ్య చాలా తేడా ఉంది. కాబట్టి మీ వకీలు గారి మాట మీద ఆధారపడకుండా కోర్టుకు వెళ్లి కాపీ అప్లికేషన్ పెట్టండి. తీర్పు ఇచ్చిన కాగితం మీద మన మేజిస్ట్రేటు కోర్టుల్లో ‘క్యాలెండర్ అండ్ జడ్జిమెంట్’ అని ఉంటుంది. లోక్ అదాలత్ అయితే అవార్డు కాపీ ఉంటుంది. రెండూ సర్టిఫైడ్ కాపీలే కావాలి, జిరాక్సులు పనికిరావు.

కాపీ చేతికి రాగానే ముందుగా చివరి పేరా చదవండి. మీ కేసులోని 323, 341, 506 సెక్షన్లు మూడూ రాజీకి వీలున్నవే. సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 320వ సెక్షన్ 8వ ఉపవిభాగం ప్రకారం రాజీ నమోదైతే అది నిందితుణ్ని నిర్దోషిగా విడుదల చేసినట్లే. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఈ నియమం 359వ సెక్షన్‌లో ఉంది. మీ కాపీలో 320(8) ప్రస్తావన, నలుగురి పేర్లూ ఉన్నాయో లేదో చూసుకోండి. ఏ1కి, ఏ2కి (మొదటి, రెండో నిందితులకు) రాజీ నమోదై, ఆ వాయిదాకు రాని ఏ4 మీద కేసు విడిగా నడుస్తూ ఉండటం నేను చూశాను. ఆ ఏ4 కుర్రాడు కేసు ఎప్పుడో అయిపోయిందనుకుని మూడేళ్లు నిశ్చింతగా గడిపాడు. పాస్‌పోర్టు విచారణకు వచ్చిన కానిస్టేబుల్ చెబితేనే అతనికి అసలు సంగతి తెలిసింది.

ఇప్పుడు ఫారం. సాధారణంగా ఇందులో ఒక్క ప్రశ్న ఉండదు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, ప్రాసిక్యూషన్ ఎదుర్కొన్నారా, నిర్బంధంలో ఉన్నారా, కోర్టు జరిమానా వేసిందా, శిక్ష పడిందా, ప్రస్తుతం కేసు పెండింగులో ఉందా అని విడివిడిగా అడుగుతారు. అన్నింటికీ ఒకే జవాబు రాసేయడం అభ్యర్థులు ఎక్కువగా చేసే పొరపాటు. మీ మీద ఛార్జిషీటు పడింది, కోర్టులో సీసీ నంబరు వచ్చింది కాబట్టి ప్రాసిక్యూషన్ గడికి ‘అవును’. శిక్ష, జరిమానా, పెండింగు గడులకు ‘లేదు’. అయితే పెండింగు గడి నింపే ముందు నేను పైన చెప్పిన కాపీ చూసుకోవాలి. అరెస్టు గడి దగ్గర మాత్రం కాస్త ఆగండి. ఆ రోజుల్లో మీకు 41ఏ నోటీసు (అరెస్టు చేయకుండా, విచారణకు హాజరు కమ్మని పోలీసులు ఇచ్చే నోటీసు) ఇచ్చి పంపించారా, లేక జామీనుదార్లతో సంతకాలు పెట్టించుకుని స్టేషన్ బెయిల్ ఇచ్చారా? నోటీసు మాత్రమే అయితే అరెస్టు జరగలేదు. స్టేషన్ బెయిల్ అయితే కాగితాల్లో అరెస్టు చూపి విడుదల చేసి ఉంటారు. రాత్రంతా లాకప్‌లో గడపలేదు కదా అని దాన్ని అరెస్టు కాదనుకోవద్దు. ఛార్జిషీటు కాపీలో అరెస్టు తేదీ గడి ఉంటుంది, అందులో ఏముందో చూసి రాయండి. స్థలం చాలకపోతే విడి కాగితం మీద క్రైం నంబరు, స్టేషన్, సీసీ నంబరు, కోర్టు, సెక్షన్లు, ముగిసిన తేదీ, ఎలా ముగిసిందో రాసి, సర్టిఫైడ్ కాపీ జతచేయండి. కారణాలు, కథలు రాయకండి.

నిజం రాస్తే ఉద్యోగం పోతుందేమోనన్నది మీ అసలు భయం. పోదని నేను హామీ ఇవ్వలేను. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయం మీద వివరమైన సూత్రాలు చెప్పింది. చిన్న వయసులో జరిగిన అల్పమైన నేరాన్ని దాచినా, దాన్ని క్షమించే విచక్షణ యజమానికి ఉంటుంది. ముగిసిన కేసును నిజాయితీగా చెప్పినా, అభ్యర్థి గతాన్ని తూకం వేసే హక్కు యజమానికి ఉంటుంది, ఉద్యోగం ఇచ్చి తీరాలని బలవంతం చేయలేము. పోలీసు ఉద్యోగం విషయంలో ఈ తూకం మరీ గట్టిగా ఉంటుంది. ఢిల్లీ పోలీసు కానిస్టేబుల్ నియామకాలకు సంబంధించిన మెహర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు, రాజీ వల్లనో సాక్షులు ఎదురుతిరగడం వల్లనో బయటపడినంత మాత్రాన అభ్యర్థిని తీసుకోవలసిందేనని లేదని చెప్పింది. మీది కూడా రాజీతో ముగిసిన కేసే కాబట్టి ఈ తీర్పును మీ నుంచి దాచడం నాకు ఇష్టం లేదు. మరోవైపు 2024 ఫిబ్రవరిలో రవీంద్ర కుమార్ కేసులో, నిర్దోషిగా తేలిన పాత కేసును ఫారంలో రాయని ఉత్తరప్రదేశ్ కానిస్టేబుల్‌కు సుప్రీంకోర్టే ఉపశమనం ఇచ్చింది. దాన్ని చూసి మీరూ దాచేద్దామనుకుంటే, అతను అక్కడి దాకా చేరడానికి ఎన్ని మెట్లెక్కాడో కూడా లెక్క వేసుకోండి. నిజం చెప్పాక తిరస్కరిస్తే, విచక్షణను సరిగా వాడలేదని హైకోర్టులో రిట్ వేసి వాదించడానికి మీకు బలమైన ఆధారం ఉంటుంది. చిన్న సెక్షన్లు, విద్యార్థి దశ, గాయాల తీవ్రత లేకపోవడం, దాపరికం లేకపోవడం అన్నీ మీ వైపు నిలబడతాయి. దాచి దొరికితే ముందు ఆ దాపరికానికే సంజాయిషీ చెప్పుకోవాలి.

పోలీసు కంప్యూటర్ గురించి. కోర్టులో కేసు ముగిసినా, స్టేషన్ నుంచి సీసీటీఎన్ఎస్‌లో (పోలీసు స్టేషన్లను కలిపే కంప్యూటర్ వ్యవస్థలో) ఆ సంగతి ఎక్కకపోవడం చాలా తరచుగా జరుగుతుంది. అక్కడ మీ పేరు పక్కన ‘విచారణ పెండింగ్’ అనే ఉంటే, ఉద్యోగానికి ముందు మీ గతాన్ని విచారించే స్పెషల్ బ్రాంచి పోలీసులు అదే రాసి పంపుతారు. అందుకే సర్టిఫైడ్ కాపీని ఒక అర్జీకి జతచేసి స్టేషన్ హౌస్ ఆఫీసరుకూ, ఎస్పీ కార్యాలయంలోని జిల్లా క్రైం రికార్డ్స్ బ్యూరోకూ ఇవ్వండి. మీ నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. స్టేషన్ రైటర్ ‘చూస్తాంలే’ అంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. కొన్ని వారాలు గడిచినా కదలిక లేకపోతే, రికార్డు సరిదిద్దాలని హైకోర్టులో రిట్ వేయవచ్చు. మీరు అడుగుతున్నది రికార్డు తీసేయమని కాదు, సరిగా రాయమని. అందుకే కోర్టులు దాన్ని సులువుగా వింటాయి.

నిజంగా ధ్వంసం చేయాలని చట్టమే చెప్పే రికార్డు ఒకటుంది. అరెస్టు సమయంలో తీసుకున్న వేలిముద్రలు, ఫొటోలు, ఇతర కొలతలు. 2022 ఆగస్టు 4 నుంచి అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ (గుర్తింపు) చట్టం ప్రకారం వీటిని 75 ఏళ్లు భద్రపరచవచ్చు. కానీ అంతకుముందు శిక్ష పడని వ్యక్తి విచారణ లేకుండా విడుదలైనా, డిశ్చార్జి అయినా, నిర్దోషిగా తేలినా, అప్పీళ్ల దారులన్నీ ముగిశాక, కోర్టు కారణాలు రాసి వద్దంటే తప్ప, వాటిని ధ్వంసం చేయాలి. 1920 నాటి పాత చట్టంలోనూ ఇలాంటి నియమం ఉండేది. మీ దగ్గర వేలిముద్రలు తీసుకున్నట్లు గుర్తుంటే, రాష్ట్ర ప్రభుత్వం నియమించిన నోడల్ అధికారికి విడిగా దరఖాస్తు పెట్టుకోండి.

కోర్టుల వెబ్‌సైటులో పేరు కనిపించడం ఇంకా తేలని సంగతి. మాదక ద్రవ్యాల కేసులో నిర్దోషిగా తేలిన భారత సంతతి అమెరికన్ ఒకరికి 2021లో ఢిల్లీ హైకోర్టు మధ్యంతర ఉపశమనంగా, ఆ తీర్పు సెర్చ్ ఇంజిన్లలో రాకుండా చేయమని ఆదేశించింది. మద్రాసు హైకోర్టు ధర్మాసనం 2024 ఫిబ్రవరిలో మరో నిర్దోషికి అనుకూలంగా తీర్పు చెబితే, అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. మీ కేసులో ఇప్పుడు దీని మీద డబ్బు ఖర్చు పెట్టమని నేను చెప్పను. ఆ వెబ్‌సైటులో ‘డిస్పోజ్డ్’ (ముగిసింది) అని కనిపిస్తే అది మీకు మేలు చేసేదే.

ఇలాంటి ప్రశ్నలే అడిగిన ఇతర పాఠకులకు రెండు ముక్కలు. గొడవ జరిగిన నాటికి 18 ఏళ్లు నిండకపోతే లెక్క పూర్తిగా వేరు. 2015 బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ అనర్హతలను తొలగిస్తుంది, రికార్డులను గడువు తర్వాత ధ్వంసం చేయమంటుంది. 16 దాటి, ఘోరమైన నేరంలో పెద్దవాళ్లతో సమానంగా విచారణ ఎదుర్కొని దోషులుగా తేలినవారికి మాత్రం ఇది వర్తించదు. ఇక పేకాట కేసులో, తాగి బండి నడిపిన కేసులో ‘ఒప్పుకుంటే ఫైనుతో పోతుంది’ అని ఎవరో చెబితే తలూపి వచ్చినవారు గుర్తుంచుకోవాలి, అది శిక్ష పడినట్లే. పని మానుకుని వాయిదాకు రావడం ఎందుకని ఒప్పేసుకున్న పిల్లలు ఆ తర్వాత ఇలాంటి ఫారం ముందు కూర్చుని నాకు ఫోను చేస్తుంటారు. అప్పటికి అప్పీలు గడువు కూడా దాటిపోయి ఉంటుంది. ఒప్పుకునేటప్పుడే, శిక్ష వేయకుండా మంచి ప్రవర్తన షరతు మీద ప్రొబేషన్ చట్టం కింద విడిచిపెట్టమని అడగవచ్చు. 1958 నాటి ఆ చట్టం 12వ సెక్షన్ దోషిగా తేలడం వల్ల వచ్చే అనర్హతను తొలగిస్తుంది, దోషిగా తేలిన సంగతిని మాత్రం చెరపదు.

ఆ 40 వేల ఆయన గురించి అడగనే అక్కర్లేదు. ప్రభుత్వ ఉద్యోగి చేత రికార్డు మార్పించడానికి డబ్బిస్తే, అవినీతి నిరోధక చట్టం 8వ సెక్షన్ కింద ఇచ్చినవారికీ ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. పైగా ఛార్జిషీటు కోర్టు ఫైలులో ఉండగా, స్టేషన్ కంప్యూటర్‌లో పేరు తీసేసి ఆయన చేసేదేమిటి? డబ్బు తీసుకుని ఏమీ చేయకుండా ఉంటే ఫిర్యాదు చేయడానికి కూడా మీకు నోరుండదు. ఫోనులో ఆయన పంపిన సందేశాలు ఉంటే తీసేయకండి. రేపు ఉదయమే కోర్టుకు వెళ్లి కాపీ అప్లికేషన్ వేయండి. ఫారం గడువులోగా కాపీ రాకపోతే, దరఖాస్తు రసీదు జతచేసి ‘కాపీ అందగానే సమర్పిస్తాను’ అని రాయండి. నింపిన ఫారాన్ని ఇచ్చే ముందు ఫొటో తీసి పెట్టుకోండి.