తొలి కాన్పుకు ఇప్పుడు విజయవాడ రావాలా, డాలస్‌లోనే ఉండిపోవాలా?

ప్రశ్న (2021 డిసెంబరు): మేం డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటాం. నాకు ఐదో నెల, మే మొదటి వారంలో డేట్ ఇచ్చారు. మా ఆయనది హెచ్‌1బి ఉద్యోగ వీసా, నాది హెచ్‌4 డిపెండెంట్ వీసా. ఈఏడీ (పని చేసే అనుమతి) మీద రెండేళ్లుగా టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను, నెలకు 4,200 డాలర్లు చేతికి వస్తుంది. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని అమ్మావాళ్లూ అత్తగారూ అంటున్నారు. జనవరి మధ్యలో విజయవాడ వెళ్లి, బిడ్డకు మూడు నెలలు నిండాక ఆగస్టులో తిరిగి రావాలని ఆలోచన. అక్కడ సిజేరియన్ అయినా 1.2 లక్షలు దాటదని ఆస్పత్రివాళ్లు చెప్పారట. ఇక్కడ మా ఆయన కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఏడాదికి మేం కట్టాల్సిన గరిష్ఠం ఒక్కరికి 5,000, కుటుంబానికి 10,000 డాలర్లు. మా ఇద్దరి పాస్‌పోర్టుల్లో వీసా స్టాంపుల గడువు అయిపోయింది. అమ్మకు 2018లో వచ్చిన పదేళ్ల విజిటర్ వీసా ఉంది, కోవిషీల్డ్ రెండు డోసులూ వేయించుకుంది. నాన్నకు షుగర్. బ్యాంకులో 22,000 డాలర్లున్నాయి, అందులోంచి 6 లక్షలు విజయవాడ ఫ్లాట్ లోనుకు కట్టేద్దామని ఆయన అంటున్నారు. ఈ ఒమిక్రాన్ వార్తలు చూస్తే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ ఇద్దరికీ శుభాకాంక్షలు. నా సలహా మొదటే చెప్పేస్తాను. మీరు రావద్దు. అమ్మగారినే అక్కడికి పిలిపించుకోండి. ఆ 6 లక్షలు కూడా ఇప్పుడు లోనుకు కట్టకండి.

ఈ స్థితిలో అంత దూరం ప్రయాణం చేయొచ్చా అన్నది మీ గైనకాలజిస్టు తేల్చాల్సిన విషయం, నేను కాదు. ఒకటి మాత్రం మర్చిపోకండి. గర్భిణికి కోవిడ్ వస్తే ఐసీయూ దాకా వెళ్లే ప్రమాదం, నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం మిగతావాళ్లకన్నా ఎక్కువని డాక్టర్లు చెబుతున్నారు. మన దేశంలో 2021 జులై 2న గర్భిణులకు టీకా అనుమతించారు, అమెరికాలో ప్రజారోగ్య సంస్థ సీడీసీ కూడా తప్పకుండా వేయించుకోమంటోంది. మీరు వేయించుకున్నారో లేదో ఉత్తరంలో రాయలేదు. వేయించుకోకపోతే ఈ వారమే డాక్టరుతో మాట్లాడండి. విమానయాన సంస్థలు చాలావరకు 28 వారాల దాకా మామూలుగానే ఎక్కనిస్తాయి, ఆ తర్వాత డాక్టరు లెటర్ అడుగుతాయి, 36 వారాలు దాటితే ఎక్కనివ్వవు. జనవరి మధ్యకు మీకు 25 వారాలలోపే ఉంటుంది. కాబట్టి ఎక్కడం ఇబ్బంది కాదు. చిక్కంతా తిరిగి వెళ్లడంలో ఉంది.

మీరు 1.2 లక్షలను 5,000 డాలర్లతో పోలుస్తున్నారు. డాలరు 75 రూపాయలనుకుంటే 5,000 అంటే 3.75 లక్షలు. అలా చూస్తే విజయవాడే చవక. కానీ అది ఆస్పత్రి బిల్లు ఒక్కటే. మీ ప్రయాణంలో అన్నిటికన్నా పెద్ద ఖర్చు మీ జీతం, అది మీ ఉత్తరంలో ఎక్కడా లెక్కకు రాలేదు. జనవరి మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా ఏడు నెలలు. నెలకు 4,200 చొప్పున 29,400 డాలర్లు. ఇండియా నుంచి పని చేస్తానంటే పన్నుల వల్ల, డేటా భద్రత వల్ల చాలా కంపెనీలు ఒప్పుకోవు. మీ మేనేజర్ నోటిమాటగా సరేనన్నా హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా వచ్చేదాకా దాన్ని నమ్ముకోకండి. పైగా అక్కడి ఫెడరల్ చట్టం కాన్పుకు ఉద్యోగం పోకుండా కాపాడేది 12 వారాలే. అది కూడా 50 మంది, అంతకు పైన ఉన్న కంపెనీలో ఏడాది పని చేసినవాళ్లకే. ఏడు నెలల సెలవు కంపెనీ దయ మీద ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు రెండిటినీ పక్కపక్కన పెడదాం. మీరు వస్తే మీ టికెట్లు రానుపోను 2,200, ఆస్పత్రి 1,600, కాన్పుకు ఆయన వచ్చి వెళ్లడానికి 1,800, ముగ్గురి వీసా ఫీజులు ఒక్కొక్కరికి 190 చొప్పున 570, పసిబిడ్డ టికెట్‌కు ఓ 250. అంతా కలిపి 6,400 చిల్లర. దానికి పోయే జీతం కలిపితే దాదాపు 35,800 డాలర్లు. అక్కడే ఉంటే ఆస్పత్రికి, బిడ్డకు కలిపి 7,000, అమ్మగారి టికెట్ 1,750, ఆవిడ ఇన్సూరెన్స్‌కు 900. 12 వారాల సెలవులో పోయే జీతం సుమారు 11,600. మీ కంపెనీ షార్ట్ టర్మ్ డిసెబిలిటీ (కాన్పులాంటి సెలవులో జీతంలో కొంత ఇచ్చే బీమా) ఇస్తుంటే అందులో కొంత వెనక్కి వస్తుంది, 8,000 దాకా పోతుందనుకుందాం. మొత్తం 17,650. టికెట్ల ధరలు నేను అంచనాగా వేసినవి, నాలుగు వందలు అటూ ఇటూ అవుతాయి. ఎలా చూసినా రావడం రెట్టింపు ఖర్చు.

ఇది అంతా సవ్యంగా జరిగితే వచ్చే లెక్క. జరగకపోతే ఏమవుతుందో చూడాలి, ఎందుకంటే ఈ మహమ్మారి రోజుల్లో అసలు నిర్ణయం అక్కడే ఉంది.

డాలస్‌లో ఎంత కష్టమొచ్చినా మీ చేతి నుంచి పోయేది ఏడాదికి 10,000 డాలర్లకు మించదు, నెట్‌వర్క్ ఆస్పత్రిలో, అంటే మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందమున్న ఆస్పత్రిలో ఉన్నంతకాలం. సిజేరియన్ అయినా అంతే, బిడ్డను నెల రోజులు ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూ) ఉంచినా అంతే. విజయవాడలో మామూలు కాన్పు చవకే, కానీ బిల్లుకు పైకప్పు లేదు. మీ అమెరికా పాలసీ విదేశంలో ఎమర్జెన్సీకి ఏమైనా ఇస్తుందేమో గానీ ముందే అనుకుని వెళ్లి చేయించుకున్న కాన్పుకు ఇస్తుందని ఆశ పెట్టుకోకండి. ఇక్కడ కొత్తగా పాలసీ తీసుకుందామంటే, మెటర్నిటీకి తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. ట్రావెల్ పాలసీల్లో గర్భానికి, కాన్పుకు సంబంధించినవి సాధారణంగా మినహాయింపుల్లోనే ఉంటాయి. ఎన్‌ఐసీయూకు రోజుకు 15,000 అనుకున్నా 40 రోజులకు 6 లక్షలు. మీ ఆస్పత్రివాళ్లు చెప్పిన 1.2 లక్షల్లో ఇది లేదు. మీరు అడిగి ఉండరు, వాళ్లూ చెప్పి ఉండరు.

ఇక వీసా. స్టాంపుల గడువు అయిపోయిందని మీరు ఒక్క వాక్యంలో రాశారు. నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ వాక్యమే. వచ్చాక హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో మళ్లీ స్టాంపింగ్ కావాలి. 2020 మార్చిలో ఆగిన వీసా సేవలు ఇంకా పూర్తిగా కోలుకోలేదు, అపాయింట్‌మెంట్ల కోసం జనం నెలల తరబడి ఎదురుచూస్తున్నారు. విజయవాడలో పుట్టే బిడ్డకు జనన ధ్రువీకరణ పత్రం, భారత పాస్‌పోర్టు, ఆపైన హెచ్‌4 వీసా, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి జరగాలి. వీటిలో ఏ ఒక్కటి ఆగినా ఆగస్టు కాస్తా డిసెంబరు అవుతుంది. మీకు ఒక నెల ఆలస్యమంటే 4,200 డాలర్లు. ఆయన కూడా కాన్పుకు వచ్చి చిక్కుకుపోతే రెండు జీతాలూ ఆగుతాయి, ఇర్వింగ్ అద్దె మాత్రం ఆగదు. అసలుకే ఎసరు వస్తుంది.

జరగని దాన్ని ఊహించి బెదిరిస్తున్నానని అనుకోకండి. ఈ రెండేళ్లలో ఇది రెండుసార్లు జరిగింది. 2020 జూన్‌లో హెచ్‌1బి, హెచ్‌4 వాళ్ల రాకను అమెరికా ఆపేసింది, అది 2021 మార్చి ఆఖరు దాకా నడిచింది. సెకండ్ వేవ్‌లో 2021 మే 4 నుంచి ఇండియాలో 14 రోజులు గడిపినవాళ్లను రానివ్వలేదు, నవంబరు 8న గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. తల్లిదండ్రుల్ని చూసుకోవడానికి ఏప్రిల్‌లో వచ్చినవాళ్లు నెలల తరబడి ఇక్కడే ఉండిపోయారు. భార్య ఇక్కడ, భర్త అక్కడ, పిల్లలు అమ్మమ్మ దగ్గర. అలాంటి కుటుంబాల బడ్జెట్లు నేను కూర్చుని తిరగరాశాను. అమెరికా పౌరులైన పిల్లల తల్లిదండ్రులకు మాత్రం మే నిషేధంలో మినహాయింపు ఇచ్చారు. నేనిది రాస్తున్నది 2021 డిసెంబరు మధ్యలో. మొన్న 9వ తేదీనే రెగ్యులర్ అంతర్జాతీయ విమానాల మీద నిషేధాన్ని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ జనవరి 31 దాకా పొడిగించింది. రెండు దేశాలు ప్రత్యేకంగా ఒప్పుకుని నడిపే ఎయిర్ బబుల్ విమానాలున్నాయి, నిజమే. కానీ రాబోయే మూడు నెలలు ఎలా ఉంటాయో ఎవరి చేతిలోనూ లేదు.

అమ్మగారి ప్రయాణం ఎందుకు తేలిక అంటే, ఆవిడ వీసా చేతిలో ఉంది, కాన్సులేట్‌తో పనిలేదు. కోవిషీల్డ్‌ను అమెరికా ఒప్పుకుంటోంది. కోవిన్ టీకా సర్టిఫికెట్‌లో పాస్‌పోర్టు నంబరు ఎక్కించి ప్రింటు తీసుకోవాలి. డిసెంబరు 6 నుంచి విమానం ఎక్కే ముందు ఒక్కరోజులోపు చేయించుకున్న కోవిడ్ టెస్టు కావాలి, కాబట్టి విజయవాడలో చేయించే బదులు ఒకరోజు ముందే హైదరాబాద్ చేరి అక్కడ చేయించుకోవడం మంచిది. ఏప్రిల్ రెండో వారంలో దిగేలా, తేదీ మార్చుకోగలిగే టికెట్ తీసుకోండి, ఓ 100 డాలర్లు ఎక్కువైనా సరే. ఇమిగ్రేషన్‌లో ఆఫీసరు అడిగితే కూతురి కాన్పుకు వచ్చానని ఉన్నదున్నట్టు చెప్పమనండి, తిరుగు టికెట్ చేతిలో ఉంచుకోమనండి. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఆవిడకు విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఒక్కో వైద్యానికి ఇంత అని తక్కువ పరిమితి పెట్టే చవక ప్లాన్ వద్దు. కోవిడ్‌ను మిగతా జబ్బులతో సమానంగా కవర్ చేసే కాంప్రిహెన్సివ్ ప్లాన్ తీసుకోండి.

ఒకవేళ ఏప్రిల్‌లో ఆవిడ రాలేని పరిస్థితి వస్తే? అందుకు 3,000 డాలర్లు విడిగా పెట్టండి. మీ వైపు బాలింతలకు పథ్యం వండిపెట్టి, బిడ్డకు నలుగుపెట్టి స్నానం చేయించే తెలుగు ఆడవాళ్లు ఎవరైనా ఉన్నారేమో తెలిసినవాళ్లను ఇప్పుడే వాకబు చేయండి. పుట్టింట్లో అమ్మ చేతి కారప్పొడి అన్నం తింటూ, ఒళ్లు కాపించుకుంటూ పడుకోవడానికి ఇది సాటి కాదని నాకు తెలుసు. మీ అమ్మగారు ఆ మాట అంటే కాదనకండి. డబ్బు లెక్క తర్వాత చెప్పి, ముందు స్టాంపింగ్ సంగతి చెప్పండి. బిడ్డకు తండ్రి మొహం చూసే రోజు ఎప్పుడో తెలియదంటే ఆవిడా, మీ అత్తగారూ ఇద్దరూ అర్థం చేసుకుంటారు.

ఇన్సూరెన్స్‌లో రెండు మూడు విషయాలు గట్టిగా పట్టుకోవాలి. మీ కాన్పు 2022లో పడుతుంది. చాలా ప్లాన్లలో జనవరి 1న డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యేలోపు మనం కట్టాల్సిన మొత్తం) మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, కాబట్టి ఈ ఏడాది కట్టింది వచ్చే ఏడాది లెక్కలోకి రాదు. గైనకాలజిస్టులు చెకప్‌లకూ కాన్పుకూ కలిపి చివర్లో ఒకే బిల్లు వేయడం మామూలు, మీ డాక్టరు ఎలా వేస్తారో బిల్లింగ్ వాళ్లనే అడగండి. బిడ్డ పుట్టిన క్షణం నుంచి రెండో పేషెంటు, బిడ్డకు సొంత డిడక్టిబుల్ ఉంటుంది. అందుకే 5,000 చూసుకుని కూర్చోకుండా 10,000 సిద్ధంగా ఉంచుకోమంటున్నాను. పుట్టిన 30 రోజుల్లోపు బిడ్డ పేరు పాలసీలో చేర్పించాలి. ఈ గడువు దాటిపోతే నెలల తరబడి అవస్థ. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన వారంలోనే ఈ పని మీ ఆయనకు అప్పజెప్పండి. ఇంకో మంచి సంగతి, నెట్‌వర్క్ ఆస్పత్రిలో మనకు తెలియకుండా నెట్‌వర్క్‌లో లేని మత్తు డాక్టరు వచ్చి వేసే అదనపు బిల్లులను అడ్డుకునే చట్టం 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వస్తోంది.

ఫ్లాట్ లోను గురించి. 6 లక్షలంటే 8,000 డాలర్లు. కట్టేస్తే మీ దగ్గర మిగిలేది 14,000. అందులో ఆస్పత్రికి 10,000, సాయం మనిషికి 3,000 తీస్తే మిగిలేది వెయ్యి. మీరేమో మూడు నెలలు జీతం లేకుండా ఉండబోతున్నారు. లోనుకు కట్టిన డబ్బు అవసరమొచ్చినప్పుడు వెనక్కి రాదు. ఈఎంఐ మామూలుగా కడుతూ పోండి. మీరు మళ్లీ ఉద్యోగంలో చేరి, ఆస్పత్రి బిల్లులన్నీ వచ్చి తేలాక, సెప్టెంబరులో ఈ మాట మళ్లీ ఎత్తండి. అప్పుడు నేనే కట్టేయమనవచ్చు.

మీ స్టాంపులు 2023 దాకా ఉండి, మీకు ఉద్యోగం లేకుండా, అమ్మగారికి వీసా లేకుండా ఉంటే ఇదే ఉత్తరానికి వేరే జవాబు రాసేవాడిని. ఆయన ఉద్యోగం పోయి ఇన్సూరెన్స్ ఆగిపోయే పరిస్థితి వచ్చినా సరే, 28 వారాలు దాటకముందే మళ్లీ ఆలోచించాలి.

నాన్నగారి సంగతి మాత్రం మీరు తేలిగ్గా తీసుకోకండి. ఆరు నెలలు షుగర్ మనిషిని ఒంటరిగా వదిలి రావడానికి అమ్మగారి మనసొప్పదు, అక్కడున్నా ఆవిడ ధ్యాస ఇక్కడే ఉంటుంది. వంటమనిషిని ఏప్రిల్‌లో కాకుండా మార్చిలోనే పెట్టించండి, అమ్మగారు దగ్గరుండి ఆయన తినే తీరు నేర్పిస్తారు. ఆ జీతం మీరే పంపండి. బయల్దేరే ముందు ఆయనకు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) టెస్టు, బూస్టర్ అందుబాటులోకి వస్తే అదీ చేయించండి. ఆవిడ మూడు నెలలకే తిరిగి వెళ్తానంటే బలవంతపెట్టకండి. జులై తర్వాత డేకేర్ ఖర్చు ఎంతో మీ దగ్గర రెండు చోట్ల కనుక్కుని, షార్ట్ టర్మ్ డిసెబిలిటీ ఎన్ని వారాలిస్తారో హెచ్‌ఆర్‌ను అడిగి నాకు రాయండి. ఆ అంకెలు వస్తే ఆగస్టు నుంచి డిసెంబరు దాకా నెలవారీ లెక్క వేసి పంపుతాను.